అల్లెత్రాడు

ఈ సంవత్సరపు సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదకవర్గ విద్యార్థులు అడిగినప్పుడు, అలవాటు ప్రకారం ప్రబంధ కవిత్వాన్ని గురించి నాలుగు పుటలు వ్రాసి ఇద్దామనుకొన్నాను. నిరుడు అదే చేశాను. అంతకు ముందు సంవత్సరం కూడ అదే చేశాను. ఆ వ్యాసాలను అచ్చుతప్పులు దిద్దినవారు తప్ప మరెవ్వరైనా చదివారా అన్నది నాకు సందేహమే. కనుక ఈసారి వసతిగృహంలో ఒక వర్షాకాలపు రాత్రి నేను పొందిన ఓటమిని గురించి వ్రాస్తున్నాను. ఓడింది ఆటలోనే. దాని మొదలు మాత్రం 1987లో, మా ఊరు మార్టూరులో ఉన్నది.

వసతిగృహ పర్యవేక్షణ ఆ వారం నా వంతు. భోజనాలైన తరువాత విద్యుత్తు పోయింది. పై అంతస్తు వరండాలో కొవ్వొత్తి వెలుగున నలుగురు విద్యార్థులు బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తున్నారు. పాచికలు కనబడగానే జూదమనుకొన్నాను. ఏటేటా ధర్మరాజు కథ పాఠం చెప్పేవాడికి మరొకటి తోచదు. కోపంగా దగ్గరకు పోయి చూస్తే డబ్బు జాడ లేదు. కాగితాలు, పెన్సిళ్ళు, చేతితో గీసిన ఒక కొండదారి పటం ఉన్నవి. పాచికలు కూడ మనమెరిగిన ఆరు ముఖాలవి కావు. ఒకదానికి నాలుగు ముఖాలు, ఒకదానికి ఎనిమిది, ఒకదానికి ఏకంగా ఇరువది.

"జూదం కాదు సార్, కథ" అన్నాడు వారిలో పెద్దవాడు.

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రపు చిన్న పట్టణం లేక్ జెనీవా నుండి గ్యారీ గైగాక్స్ అనే ఆయన, డేవ్ ఆర్నెసన్ అనే మరొక ఆయనతో కలిసి దీనిని వెలువరించారు. మూడు చిన్న పుస్తకాలు ఒక పెట్టెలో పెట్టి తొలిసారి వేయి ప్రతులు మాత్రమే వేశారు. అంతకు ముందు బొమ్మ సైనికులను బల్ల మీద నిలిపి ఆడే యుద్ధక్రీడలు ఉండేవి. వాటిలో ఆటగాడు సేనను నడిపేవాడు. ఈ ఆటలో ఒక్క మనిషిని నడుపుతాడు. ఒకడు కథ చెబుతాడు. తక్కినవారు తలా ఒక పాత్ర ధరించి "నేనిప్పుడు ఇది చేస్తున్నాను" అని నోటితో చెబుతారు. ఆ పని నెరవేరునో లేదో సందేహమైన చోట పాచిక తీర్పు చెబుతుంది. వేషం లేదు, రంగస్థలం లేదు. మన కళారూపాలలో దీనికి దగ్గరిది బుర్రకథ అనుకొంటాను. నడుమ కథకుడు, ప్రక్కన వంతలు. అయితే ఇక్కడ వంతలకు కథను దారి మళ్ళించే అధికారం కూడ ఉన్నది.

కథ చెప్పేవాడిని వారు 'మాస్టరు' అంటారు. ఆ బల్ల వద్ద మాస్టరు బి.కాం. రెండవ సంవత్సరం విద్యార్థి, నేను కొత్తగా చేరిన శిష్యుణ్ణి. ఇరువది యేండ్లుగా పంతులుగిరీ చేసిన నాకు ఈ తలక్రిందులు మేలే చేసినది. మూల నియమావళిని ప్రచురణకర్తలు 2023 జనవరిలో ఎవరైనా ఉచితంగా వాడుకొనేటట్లు విడుదల చేశారట. మన పిల్లలు దానిని కాగితాల మీద ముద్రించుకొని అట్ట వేయించుకొన్నారు. ప్రతి శనివారం రాత్రి ఆడేవారు. మూడవ వారానికి నేను అడగకుండానే నాకొక కుర్చీ వేసి ఉంచసాగారు.

నేను ఎన్నుకొన్న పాత్ర విల్లమ్ములు చేసే ఒక ముసలివాడు. కత్తి పట్టే పాత్రలు రెండున్నాయి, మంత్రాలు చదివే పాత్ర ఒకటున్నది, ముసలివాడు ఒక్కడూ లేడు అని కారణం చెప్పాను. అసలు కారణం నాకే ఆనాడు తెలియదు.

విల్లమ్ములు చేయడానికి ఆ నియమావళిలో లెక్కలున్నవి. ఇరువది బాణాల ధర ఒక బంగారు నాణెం. పొడవు విల్లు ధర యాభై. తీరిక దినాలలో ఏదైనా వస్తువు చేయదలచిన పాత్ర రోజుకు అయిదు నాణేల విలువ గల పని చేయవచ్చును. ముడిసరుకుకు అందులో సగం ఖర్చవుతుంది. ఈ లెక్కన విల్లుకు పది దినాలు. ఇంతవరకు బాగున్నది. అదే లెక్కను బాణాలకు వేసి చూడండి, రోజుకు నూరు బాణాలు! 2017లో వచ్చిన 'జానథార్స్ గైడ్ టు ఎవ్రీథింగ్' అనే అనుబంధ గ్రంథం మరింత ఉదారమైనది. కొయ్యపని తెలిసినవాడు కొద్దిపాటి విశ్రాంతిలో అయిదు బాణాలు, రాత్రి విశ్రాంతిలో ఇరువది బాణాలు చేసుకోవచ్చునట. చేతిలో చాలినంత కర్ర ఉంటే చాలు. ములికికి ఇనుము ఎక్కడిది, ఈకలు ఏ పక్షివి అన్న ప్రసక్తి లేదు. యుద్ధం ముగిసిన తరువాత ఒక నిమిషం వెదికితే వేసిన బాణాలలో సగం తిరిగి దొరుకుతాయన్న నియమం ఒక్కటి నాకు నచ్చింది. అర్జునుడి అక్షయ తూణీరాల కంటె అది నిజానికి దగ్గర. మా బాల్యంలో కూడ సగమే దొరికేవి. మిగిలిన సగం ఇప్పటికీ మార్టూరు తుమ్మకంపలో ఉండి ఉంటుంది.

నేను ఈ ఆక్షేపణలన్నీ ఏకరువు పెట్టగా మాస్టరు ఓపికగా విని ఒక కొత్త నియమం చేశాడు. "సార్, మీరు వస్తువు ఎట్లా చేస్తారో మాకు చెప్పండి. విన్నవాళ్ళకు కళ్ళకు కట్టినట్టుంటే పాచిక వేయనక్కరలేదు. లేకుంటే వేయాలి."

ఆ నియమం వచ్చిన నాటి నుండి ఆట నాకు రుచించింది. కథ ముందుకు సాగడం తగ్గి, బల్ల వద్ద చేతిపని పెరిగింది. ఒక శనివారమంతా ఒక్క బాణంతో గడిచింది. రెల్లుకాడను కోసి నీడలో ఆరబెట్టడం, వంకర ఉన్నచోట నిప్పుసెగ చూపి చేతితో సరిచేయడం, వ్రేళ్ళ మీద దొర్లించి తిన్నదనం పరీక్షించడం చెప్పాను. ఈకలు మూడు కావాలి. మూడూ పక్షి ఒకే వైపు రెక్కవి కావాలి. కుడి రెక్క ఈకకూ ఎడమ రెక్క ఈకకూ వంపు వేరు. రెండూ కలిపి కట్టితే ఒకటి తిప్పబోయిన బాణాన్ని మరొకటి అడ్డుకుంటుంది. బాణం తిరుగుతూ పోతేనే తిన్నగా పోతుంది. బాణపు కాడ మరీ బిరుసుగా ఉండరాదు, మరీ మెత్తగానూ ఉండరాదు. విల్లును దాటే క్షణంలో అది చేపపిల్లలా వంగి, ప్రక్కకు ఒరిగి, మళ్ళీ దారికి వస్తుంది. ములికి బరువు ముందుకు తూగాలి. ఇందులో కొంత చదివి తెలుసుకొన్నది, కొంత చిన్నతనంలో జొన్నబెండుకు తుమ్మముల్లు గుచ్చి నేర్చుకొన్నది. ఏది ఏదో పిల్లలకు చెప్పలేదు. నలుగురూ నోరు తెరచి విన్నారు. ప్రబంధాల పాఠానికి ఎన్నడూ అట్లా వినలేదు.

అట్లా నా ముసలివాడికి ఆ గుంపులో పరపతి కలిగింది. ఖడ్గధారి వేషం ఒక ఉర్దూ విభాగపు విద్యార్థిది. అతడు తన ప్రాణానికి నా విల్లే హామీ అనేవాడు.

ఇక ఆ రాత్రి సంగతి. కథ ప్రకారం మేము ఒక వంతెన దాటాలి. అవతలి ఒడ్డున శత్రువులున్నారు. ముందటి యుద్ధంలో నా అమ్ములపొది ఖాళీ అయినది. గుహలో రాత్రి విశ్రాంతి, నియమావళి ప్రకారం ఎనిమిది గంటలు. కర్ర దొరికింది, ఇరువది బాణాలూ సిద్ధమయ్యాయి. లేవబోతుండగా మాస్టరు అన్నాడు: "సార్, నిన్న మీరు ఏరు దాటేటప్పుడు విల్లు తడిసింది. వింటినారి మెత్తబడి తెగింది. ఇప్పుడు నారి ఎక్కడ తెస్తారు?"

నేను మరచిన మాట అది. నేను చూచిన ధరల పట్టికలో విల్లుకు ధర ఉన్నది, బాణాలకు ధర ఉన్నది, నారికి వేరే ధర లేదు. ఆటను రూపొందించినవారికి అది విల్లుతోపాటు పుట్టిన అవయవమై తోచి ఉంటుంది. మన పురాణాలకు దాని విలువ బాగా తెలుసు. సీతాస్వయంవరంలో పరీక్ష గురిచూసి కొట్టడం కాదు, విల్లు ఎక్కుపెట్టడం, అనగా నారి సంధించడం. దేవీభాగవతంలో విష్ణువు ఎక్కుపెట్టిన వింటి మీద తల ఆన్చి నిద్రిస్తుండగా ఒక చెదపురుగు నారిని కొరికిందనీ, విల్లు ఒక్కసారిగా విదిలించుకొని ఆయన శిరస్సు తెగిపడిందనీ, హయగ్రీవావతారానికి అదే కారణమనీ కథ ఉన్నది. అంత విశ్వాన్ని భరించేవాడికి ఒక తాడు తెగితే ఆ గతి పట్టింది.

"నారి పేనుకోవడానికి పేగు కావాలి. పేగు దొరికినా ఎండడానికి దినాలు పడుతుంది" అన్నాను.

"అయితే ఒక దారి ఉంది సార్. ఈ గుహ మూలలో ఒక ముసలి గాయకుడు నిద్రపోతున్నాడు. ప్రక్కనే వీణ. దానికి నరం తీగలు. మెల్లగా కోసుకోవచ్చు. పాచిక మీద పన్నెండు గాని అంతకు మించి గాని పడితే అతడు లేవడు."

నియమావళిలో ఈ విద్యకు ఇంగ్లీషు పేరు ఉన్నది. మన పిల్లలు దానిని 'చేతివాటం' అని అనువదించుకొన్నారు. ఇంత చక్కని అనువాదం నేను చేయలేను.

ఖడ్గధారి నా చేతిలో ఇరువది ముఖాల పాచిక పెట్టాడు. "వేయండి సార్, తెల్లవారుతోంది."

నేను పాచికను పట్టుకొని కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. కొవ్వొత్తి చిటపటలాడింది. చివరకు పాచికను బల్ల మీద పెట్టి "కోయను" అన్నాను.

"ఆటే కదా సార్" అన్నారు ఇద్దరు ఒక్కసారి.

విల్లు లేకుండానే వంతెన ఎక్కాము. ఖడ్గధారి వంతెన నడుమ చనిపోయాడు. ఆ విద్యార్థి నెలరోజులుగా పెంచుకొన్న పాత్ర కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకొన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అనలేదు కనుకనే నేను చెప్పవలసి వచ్చింది. ఆ రాత్రి వారికి చెప్పినదే ఇక్కడ వ్రాస్తున్నాను.

చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు పోయే జాతీయ రహదారి మీద మార్టూరు ఉన్నది. నేడు ఆ దారిన పోయేవారికి గ్రానైటు రాళ్ళు కోసే యంత్రాల రొద వినబడుతుంది. 2022 ఏప్రిల్ నుండి అది బాపట్ల జిల్లా. నా చిన్ననాడు ప్రకాశం జిల్లా. ఆ కాలాన శీతకాలం నుండి వేసవి దాకా ఊరి చుట్టూ రెండే రంగులు, చేలలో పత్తి తెలుపు, కల్లాలలో మిరప ఎరుపు. మా తాత దూదేకేవాడు. మా కులవృత్తి అది. మమ్మల్ని నూర్‌బాషాలంటారు, దూదేకులవారంటారు, పింజారులంటారు. తురకలు లేని ఊళ్ళో మేమే ముల్లాలమని సామెత. అనగా ఇటువారు పూర్తిగా అటువారనీ, అటువారు పూర్తిగా ఇటువారనీ అనుకొనే జనం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివేది నమాజు. తెలుగువారికి కోపం వస్తే తిట్టడానికి మా వృత్తి పేరే వాడుకొంటారు. ఆ తిట్టు ఎంత అలవాటైనదంటే, తిట్టేవారికి అది ఒక మనిషి చేసే పని పేరని తెలియదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, బుర్రకథకు తన గొంతునిచ్చి, 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్ మావాడే. ఆయన తన ఆత్మకథకు పెట్టిన పేరు 'పింజారి'. పదవ శతాబ్దపు బాగ్దాదులో ప్రాణమిచ్చిన సూఫీ మన్సూర్ అల్ హల్లాజ్ పేరులోని హల్లాజ్ అన్న మాటకు కూడ దూదేకేవాడనే అర్థం. ఇవి నాకు పెద్దయిన తరువాత తెలిసిన సంగతులు. పదేండ్ల వయస్సులో తెలిసి ఉంటే ఏమి చేసేవాడినో చెప్పలేను.

తాత పనిముట్టు కూడ విల్లే. మనిషి ఎత్తును మించిన కొయ్య, ఒక కొసన వెడల్పాటి పలక, రెండవ కొసన వంపు. ఆ కొస నుండి ఈ కొసకు బిగించిన గొర్రెపేగు నరం. విల్లును దూలానికి త్రాటితో వ్రేలాడదీసి, ఎడమచేత పట్టుకొని, కుడిచేత నడుము సన్నని కొయ్యగుండుతో నరాన్ని కొట్టేవాడు. టంయ్... టంయ్... అని ఇల్లంతా మ్రోగేది. కొట్టినప్పుడల్లా నరం దూది గడ్డను అంటుకొని విదిలించేది. మట్టి, ఆకునలుసు క్రింద రాలిపోయి, పింజలు పొగలా పైకి లేచేవి. సాయంకాలానికి తాత కనుబొమలు తెల్లబడేవి. వేటవిల్లుకూ దీనికీ ఒక భేదం ఉన్నది. వేటవింటిలో కొయ్య వంగుతుంది, వంగిన కొయ్య తిరిగి నిటారు కాబోయే బలంతో బాణం పోతుంది. తాత విల్లులో కొయ్య వంగదు. నరం ఒక్కటే కంపిస్తుంది. దానితో పిచ్చుకను కూడ కొట్టలేము. కొత్త పరుపులకు దూది ఏకడం, నాలుగేండ్లు పడుకోగా గడ్డకట్టిన పాత పరుపు దూదిని విప్పి మళ్ళీ గుల్ల చేయడం, ఇంతే దాని పని.

1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామాయణం ప్రారంభమైనది. మా వీధిలో టీవీ ఉన్న ఇల్లు ఒక్కటే. ఆదివారం ఉదయం ఆ అరుగు నిండిపోయేది. ముగియగానే పిల్లలమంతా కల్లాల వద్దకు పరుగెత్తి మా రామాయణం మేము ఆడేవాళ్ళం. వెదురుబద్ద విల్లు, గోనెసంచి పురికొస నారి. రెండుసార్లు లాగితే పురికొస సాగి వేలాడేది. బాణం ఆరడుగుల దూరంలో పడేది. ఎవడి విల్లు మంచిదైతే వాడు రాముడని మా నియమం. నేనెప్పుడూ వానరసేనలో చివరివాణ్ణి. ఒకనాడు నాకూ ఒకసారి రాముడి వేషం కావాలని అడిగితే, ఒకడు మా కులం పేరు ఎత్తి నవ్వాడు. మిగిలినవాళ్ళూ నవ్వారు. వాడిమీద నాకిప్పుడు కోపం లేదు. వాడు ఇంట్లో విన్న మాటే అన్నాడు.

ఆ మధ్యాహ్నం తాత నిద్రపోతున్నాడు. విల్లు గోడకు ఆనించి ఉన్నది. దాని కొసన మిగులు నరం చుట్టలు చుట్టి ఉండేది. అది పనిలో లేని నరమని నా నమ్మకం. చుట్ట విప్పి రెండు మూరలు బ్లేడుతో కోశాను. బ్లేడు మొద్దుబారితే మిగిలినది పళ్ళతో కొరికి తెంపాను. ఆ వాసన నాకిప్పటికీ గుర్తున్నది.

మరుసటి ఆదివారం నా బాణం కల్లంలో ఎండబోసిన మిరపకాయల రాశి మీదుగా, అవతలి గడ్డివామి దాటి పోయింది. ఎవ్వరూ నవ్వలేదు. ఆ పూట నేను రాముణ్ణి.

ఆ మిగులు నరం విల్లుకు ప్రాణమని నాకెవ్వరూ చెప్పలేదు. ఏకుతున్నప్పుడు నరం తెగితే ఆ చుట్ట విప్పి, కొత్త నరాన్ని ముందుకు లాగి కట్టుకొంటారు. ఆ వారంలోనే తాత ద్రోణాదులకు పోయినాడు. ఒక పెండ్లి ఇంట నాలుగు పరుపుల పని. ద్రోణాదుల మా ఊరికి దగ్గరి పల్లె. అంత ఊరి పేరున్న చోటనే మా తాత విల్లు తెగడం విధి చమత్కారమని తరువాత ఎన్నోసార్లు అనుకొన్నాను. రెండవ పరుపు నడుమ నరం తెగింది. చుట్ట విప్పితే అందులో కట్టడానికి చాలినంత లేదు. పెండ్లివారు ఆగలేరు. చిలకలూరిపేట నుండి తయారు పరుపులు తెప్పించుకొన్నారు. తాత విల్లు భుజాన వేసుకొని నడిచి వచ్చాడు. ఒక పూట కూలి మాత్రమే అయితే మరచిపోదును. ఆ యింటివారు ఏండ్ల తరబడి మా తాతకే పని ఇచ్చినవారు. ఆ తరువాత పిలవలేదు. దూదేకే యంత్రాలు, స్పంజి పరుపులు ఎట్లాగూ రానే వచ్చేవి. నేను కోయకపోయినా మరి కొన్ని యేండ్లకు ఆ పిలుపు ఆగేదే. ఈ వాదనను నాలో నేను చాలాసార్లు చేసుకొన్నాను. గెలవలేదు.

తాత తెగిన కొసను వెలుగుకు పట్టి చూచాడు. పళ్ళ గాట్లు కనబడ్డాయి. "ఎలక కొరికిందే" అన్నాడు నాయనమ్మతో. నేను తలుపు వెనుక ఉన్నాను.

తరువాత కొత్త నరం చేయవలసి వచ్చింది. కోతల దుకాణం నుండి గొర్రె పేగులు తెచ్చి, కడిగి, లోపలి పొర గీకి, నీళ్ళలో నానవేసి, పోగులు కలిపి పేనాలి. పేనడానికి ఇద్దరు కావాలి. ఒక కొస తాత పట్టుకొన్నాడు. రెండవ కొస నాకిచ్చాడు. తడి నరం జారుతుంది. బిగువు తగ్గితే పేట విడిపోతుంది. ఉదయం ఎండ నుండి మధ్యాహ్నం ఎండ దాకా పట్టుకొని నిలబడ్డాను. "గట్టిగా పట్టుకోరా, చెయ్యి వదలకు" అని తప్ప తాత మరొక మాట అనలేదు. నా బాల్యంలో నేను నేర్చిన చేతిపని ఏదైనా ఉంటే అది ఆ పూట నేర్చినదే. నా ఆటవిల్లును ఆ సాయంకాలమే ఊరిబయట బావిలో వేశాను. తాత 1996లో పోయాడు. ఆయనకు చెప్పలేదు.

ఇదంతా విని విద్యార్థులు కొంతసేపు ఊరకున్నారు. ఓదార్పు మాటలు చెప్పనందుకు వారికి కృతజ్ఞుణ్ణి. కొంతసేపటికి ఖడ్గధారి, అనగా చనిపోయిన ఖడ్గధారి, అన్నాడు: "సార్, ఉర్దూలో వింటినారిని చిల్లా అంటారు. నలభై దినాల దీక్షకు కూడ అదే మాట." నేను వ్రేళ్ళ మీద లెక్కవేశాను. దీక్ష కాదుగాని, దాచిన మాటకు నలభైకి రెండేండ్లు తక్కువ.

తరువాత సెలవులకు మార్టూరు పోయినాను. పాత పెంకుటిల్లు పోయి డాబా లేచి చాలా కాలమయింది. తాత విల్లు మెట్ల క్రింద గదిలో, పనికిరాని మంచపు కోళ్ళ ప్రక్కన ఉన్నది. నరం ఏనాడో పోయింది. ఆ కొయ్యకు ఒక కొసన నాయన గొడుగు తగిలించాడు. నాయనకు డెబ్బది అయిదు దాటినవి. సాయంకాలం అరుగు మీద కూర్చున్నప్పుడు ఆట సంగతి, పాచిక సంగతి చెప్పి, చివర 1987 సంగతి చెప్పాను.

నాయన చాలాసేపు రోడ్డు వైపు చూస్తూ ఉన్నాడు. రాళ్ళ లారీలు పోతున్నాయి. తరువాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. నవ్వుతున్నాడు.

"అయితే ఆ ఎలకవు నువ్వేనట్రా! ఆ ఎలక కోసం మీ నాయనమ్మ పిల్లిని పెంచింది. మన ఇంట్లో అప్పటిదాకా పిల్లి లేదు. అదిగో, దాని మనవరాళ్ళ మనవరాలు."

మెట్ల మీద ఒక బూడిదరంగు పిల్లి నిద్రపోతున్నది. ఇన్నేండ్లుగా సెలవులకు వచ్చినప్పుడల్లా దాని వంశానికి పాలు పోసినవాడిని నేను.

"తాతకు తెలుసునంటావా నాయనా?" అని అడిగాను.

"ఏమో. ఆయనకు ఎలక గాటుకీ మనిషి గాటుకీ తేడా తెలీదంటావా? తెలీదనే అనుకో." కొంతసేపాగి నాయన మళ్ళీ అడిగాడు. "ఆ వీణ ముసలాయన సంగతేందిరా? మీ ఆటలో?"

"నిద్రపోతున్నాడు. మేము వదిలేసి వచ్చాము."

"లేపి అడగలేకపోయారా? మిగులు తీగ ఉంటే ఇచ్చేవాడేమో. వాయించేవాడి దగ్గర మిగులు లేకుండా ఉండదు."

ఎవ్వరికీ తోచలేదు. బల్ల చుట్టూ మాస్టరుతో కలిపి అయిదుగురం ఉన్నాము, అందరం చదువుకొన్నవాళ్ళమే. అడిగి ఒప్పించడానికి కూడ నియమావళిలో ఒక పాచిక ఉన్నదని నాయనకు చెప్పాను. "దానికీ పాచికేనా" అని ఆయన ఆశ్చర్యపడ్డాడు.

వచ్చే శనివారం ఈ మాట పిల్లలతో చెప్పవలసి ఉన్నది. గుహకు తిరిగి పోవాలంటే ముందు మాస్టరు ఒప్పుకోవాలి, తరువాత ఖడ్గధారి ఒప్పుకోవాలి. అతడు కొత్త పాత్ర కాగితం మొదలుపెట్టాడుగాని దానికి ఇంకా పేరు పెట్టలేదు.